చూసినవాడు

బస్సు కిటకిటలాడుతోంది. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని, సాయంత్రం సభలో మాట్లాడబోయే మాటలు మనసులో పేర్చుకుంటున్నాడు అతను.

స్నేహితులు అతన్ని "మైకు" అంటారు. మైకు లేకపోయినా చివరి వరసదాకా వినబడే గొంతు మరి. కాలేజీ వదిలిన కొద్దికాలానికే యువజన సంఘంలో పేరు తెచ్చుకున్నాడు. వీధి దీపాలు వెలగకపోతే మున్సిపల్ ఆఫీసుకెళ్ళి నిలదీశాడు. మురుగునీళ్ళు రోడ్డెక్కితే ఆ నీళ్ళలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాజకీయమంటే ఎన్నికలప్పుడు వచ్చిపోయేది కాదనీ, బస్సులో ఎవరు దర్జాగా నిలబడతారు, ఎవరు ఒదిగి ఒదిగి నిలబడతారు అన్నదే అసలు రాజకీయమనీ అతని వాదన. ఒకసారి ఇలాంటి బస్సులోనే ఒక పోకిరీని కాలరు పట్టుకుని కిందికి దింపేశాడు కూడా.

చొక్కా జేబుకి బ్యాడ్జీ. దానిమీద ఎర్రటి అక్షరాలు: "చూస్తూ ఊరుకోవద్దు."

ముందు నిలబడ్డ అమ్మాయి ఉన్నట్టుండి పక్కకి జరిగింది. నర్సింగు చదువుతోంది కాబోలు, తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకుంది. ఆమె వెనకున్న పెద్దమనిషీ జరిగాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో మడిచిన పేపరు. అమ్మాయి ఇంకాస్త జరిగింది. ఆయనా జరిగాడు. చూసేవాళ్ళకి బస్సు కుదుపులకి తూలుతున్నట్టే ఉంది. కాని బస్సు ఆగి ఉన్నప్పుడు కూడా ఆ చెయ్యి ఆమె నడుము మీదే ఉంది.

మైకుకి ఒళ్ళు మండిపోయింది. ముందు సీటు పట్టుకుని లేచాడు.

అంతలో ఆ పెద్దమనిషి కండక్టరు పిలుపుకి మొహం ఇటు తిప్పాడు.

లేచినవాడు లేచినట్టే కూలబడిపోయాడు.

అమ్మాయి బస్సంతా కలయజూసింది. ఒకళ్ళిద్దరు ఫోన్లలోకి తలలు దించుకున్నారు. ఆమె చూపు వచ్చి అతని బ్యాడ్జీ మీద ఆగింది. అక్కణ్ణించి అతని కళ్ళలోకి. అతను కిటికీలోంచి బయటికి చూశాడు. బయట గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడనే చూశాడు.

తర్వాతి స్టాపులో ఆమె దిగిపోయింది. ఆమె దిగాల్సిన చోటు అది కాదు. దిగాక ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోవడం బస్సు కదులుతుంటే కనబడింది.

సంఘం ఆఫీసుకి చేరేసరికి బ్యాడ్జీ జేబులోకి వెళ్ళిపోయింది.

"సాయంత్రం నావల్ల కాదక్కా. గొంతు పోయింది" అన్నాడు కార్యదర్శితో.

"నీ గొంతే? పోతే ఈ వీధివాళ్ళంతా సంతోషిస్తారు! వేషాలెయ్యకు. జనాన్ని పిలిచింది నీ పేరు చెప్పే" అంది ఆవిడ. "నువ్వే పెట్టావుగా ఆ విషయం, ఊరుకునేవాళ్ళదీ తప్పేనని."



సాయంత్రం హాలు నిండింది. అతను మొదలుపెట్టాడు. అలవాటైన మాటలు వాటంతటవే వచ్చేస్తున్నాయి. "తప్పు చేసేవాడు ఒక్కడే. వాడికి ధైర్యమిచ్చేది మాత్రం చుట్టూ ఉన్న మనం..."

ముందు వరసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. చేతిమీద తెల్లకోటు.

"పొద్దున బస్సులో ఉన్నారు కదండీ మీరు? మీ బ్యాడ్జీ చదివే మీవైపు చూశాను. అదే మాట ఈ సభ పోస్టరు మీద కనబడితే వచ్చాను." గొంతులో కోపం లేదు. అదే అతన్ని నిలువునా కోసింది. "లేచారు కూడా. మళ్ళీ ఎందుకు కూర్చున్నారు?"



"భయమేసిందండీ" అన్నాడు మైకు. ఆ మాట మొదటి వరస దాటి వినబడి ఉండదు.

వినబడ్డవాళ్ళు వెనక్కి చెప్పారు. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత హాలంతా అందుకుంది. ఒప్పుకోవడానికి గుండె ఉండాలన్నాడు ఒక ముసలాయన. తల కొట్టేసినట్టయింది అతనికి. చప్పట్లు కొట్టనిది ఆ అమ్మాయి ఒక్కతే.

సభ అయ్యాక గుమ్మం దగ్గర ఎదురుపడింది.

"ఫిర్యాదు ఇద్దామనుకుంటున్నానండీ. చూసినవాళ్ళు ఒక్కరైనా చెప్తే బాగుంటుందని మావాళ్ళు అంటున్నారు. ఆయన్ని మళ్ళీ చూస్తే గుర్తుపడతారా?"

"లేదండీ" అన్నాడు. "మొహం సరిగ్గా కనబడలేదు."

ఆమె కాసేపు అతన్నే చూసింది. "పోనీలెండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"ఇవాళ అదరగొట్టావురా మైకూ!" అని వీపు తట్టాడు స్నేహితుడు. అతను దులిపేసుకుని నడిచాడు. ఆమె "పోనీలెండి" అన్న తీరు చెవిలోంచి పోవడం లేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. రెండుసార్లు వెనక్కి తిరిగి పరుగెత్తి ఆమెని పిలుద్దామనుకున్నాడు. రెండుసార్లూ కాళ్ళు ఇంటివైపే తీసుకెళ్ళాయి.

గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి తలుపు తట్టాడు.

"ఏరా, ఇంత ఆలస్యమా? మీ అమ్మ నీకోసం తినకుండా కూర్చుంది" అంటూ తలుపు తీసి, ప్రేమగా భుజం మీద చెయ్యి వేశాడు బస్సులోని పెద్దమనిషి.