పసుపు నుదురు పిట్ట

"అది పుప్పొడమ్మా. నుదుటి రంగు కాదు."

కంచె అవతలి మనిషి ఆమె చేతిలోని ఫోటో చూసి ఆ మాట అనేసరికి నూబియాకు ఒళ్ళు మండిపోయింది.

పెరట్లో పిట్టల కోసం కట్టిన చక్కెర నీళ్ళ సీసాల పక్కన మూడు వారాలు కెమెరా పట్టుకుని కూర్చుంటే దొరికిన ఫోటో అది. వేలెడంత హమ్మింగ్‌బర్డ్, నుదుట పసుపు మచ్చ. ఈ కొండల్లో ఇక లేదనుకున్న జాతి. ఉందని, తను వేసిన ఫిర్యాదు మీద శుక్రవారం జరిగే విచారణలో రుజువు చేస్తే, ఇంటి వెనక అడవిని అవకాడో తోట కోసం నరకనివ్వరు.

"ఎవడివయ్యా నువ్వు?"

"ఎవేలియో అంటారు."

"అవకాడో కంపెనీ వాళ్ళు పంపారా?"

"కాదమ్మా. ఇది మామూలు పిట్టే. పసుపు పువ్వులో తల దూర్చి వచ్చింది. ఆ అసలు జాతికి తోక అంచు తెల్లగా ఉంటుంది."

"పుట్టిన దగ్గర్నుంచీ ఈ పిట్టల మధ్యే ఉన్నా. నాకు చెప్పొచ్చావా?"

ఆయన బూట్ల నిండా బురద. చంకలో తడిసిన సంచి. వారం నుంచి ఎవడో అడవిలో తిరుగుతున్నాడని పక్కింటి లుస్ మరీనా చెప్పనే చెప్పింది. కొలతలు తీసుకుంటున్నాడు, దొంగ సచ్చినోడు.

"కాసిని బెల్లం నీళ్ళిస్తే, కూర్చుని వచ్చిన పని చెబుతాను."

ఇంటికొచ్చిన వాడికి బెల్లం నీళ్ళు లేవనే మాట ఆ ఊళ్ళో ఎవరి నోటా రాదు. నూబియా నోట వచ్చింది.

"మీ కంపెనీని అడిగి తాగు. నడు."

"వెళ్తాను. ఆ ఫోటో మాత్రం శుక్రవారం చూపించకండి."

"ఏం, భయమేస్తోందా?"

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆమె కుక్కను వదిలింది.

శుక్రవారం కంపెనీ వకీలు ఆ ఫోటోను గోడంత చేసి చూపించాడు. పసుపు మచ్చలో సగం ముక్కు మీదికి రాలి ఉంది.

"పుప్పొడి," అన్నాడు వకీలు.

హాలంతా నవ్వింది. నూబియాకు ఆ నవ్విన వాళ్ళందరి చెంపలూ పగలగొట్టాలనిపించింది.

"కంపెనీ మనిషికి ముందే తెలుసు," అని అరిచింది. "మా ఇంటికొచ్చి మరీ బెదిరించాడు. బూట్ల నిండా బురద, పేరు ఎవేలియో."

విచారణ అధికారి కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు.

"ఇంకే ఆధారమూ లేదా అమ్మా?"

"ఇంకేం కావాలి మీకు?"

"మీ అడవిలోనే తీసిన నాలుగు ఫోటోలు. తోక అంచు తెల్లగా ఉన్నవి. మీరన్న ఆయన సంచిలో ఉన్నాయట." అధికారి ఫైలు మూశాడు. "ఫిర్యాదు చేసినవాళ్ళు సంతకం పెట్టి పిలిస్తేనే ఇక్కడ సాక్షిని వింటాం. దానికి గడువు నిన్నటితో అయిపోయింది."

"ఎవరి సాక్షి?" అంది నూబియా. గొంతులో ఇంకా కోపమే ఉంది.

"మీ సాక్షే. పక్షుల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఆ పెద్దాయన మీ అడవి తరఫున మాట్లాడతానని తనంతట తానే వచ్చి, మీ సంతకం కోసం రెండుసార్లు మీ గుమ్మం ముందు నిలబడ్డారు."