నాన్న ఇంటికి ఒక దీపం

"పది ప్యానెళ్ళు పెట్టేద్దాం మేడమ్. ఏసీ, ఫ్రిజ్జు, టీవీ అన్నీ నడుస్తాయి," అన్నాడు టై కట్టుకొచ్చిన సోలార్ కంపెనీ మనిషి.

మనీలాలో, చైనావాళ్ళ బజారు బినొండోలో జోసెలిన్ తియుకి మేకులూ బోల్టులూ అమ్మే కొట్టుంది. ఆవిడ నోటికి జడవని బేరగాడు లేడు.

"ఇల్లు చూశావా?"

"ఫోటో పంపండి, చాలు."

"పిల్లని చూడకుండానే ముహూర్తం పెట్టేలా ఉన్నావు. వెళ్ళిరా నాయనా."

ఆవిడకి కావలసింది ఒక్క దీపం. నాన్నకి చీకటంటే భయం. ఎనభై దాటినా దీపం ఆర్పితే నిద్ర పట్టని మనిషి. "నన్ను చీకట్లో ఉంచకమ్మా" అని చెయ్యి పట్టుకుని అడిగితే మాటిచ్చింది. నాన్న ఇల్లున్న వరసలో కరెంటు తీగలు దొంగలు కోసుకుపోయాక, చవగ్గా వస్తోందని ఎవడినో నమ్మి సోలార్ పెట్టించింది. నెల తిరక్కుండా ఆరిపోయింది. అక్కడి కాపలా మనిషి ఇస్కో చూసి చెప్పేదాకా పదకొండు రాత్రులు నాన్న చీకట్లోనే ఉన్నాడు. ఆ మాట విని, బేరగాళ్ళున్నారని కూడా చూడకుండా కొట్లోనే ఏడ్చేసింది.

రెండోవాడు ఇంటిదాకా వచ్చాడు గానీ పైకప్పు వైపు తలెత్తలేదు.

"రేపే బిగించేస్తానక్కా. నా దగ్గర పాత బ్యాటరీ ఒకటుంది, అది సరిపోతుంది. ఆయనేమన్నా అడగొస్తారా?" అని నవ్వాడు.

"ఆయన అడగరు. నేనడుగుతాను," అని ఆవిడ వీధి వైపు చెయ్యి చూపించింది.

మూడో మనిషి పేరు ఆన్సన్ ఉయ్. నిచ్చెన తనే మోసుకొచ్చాడు. పలకరింపుల జోలికి పోకుండా కప్పెక్కి, గంటసేపు అక్కడే ఉన్నాడు.

"ఇటు పక్క పెట్టకూడదక్కా. మూడు దాటితే చెట్టు నీడ పడుతుంది. కప్పు కూడా బీటలిచ్చింది. ముందు అది పూడ్చాలి. ఈ వారం అవదు."

"మిగతావాళ్ళు రేపే అంటున్నారు."

"అయితే వాళ్ళతోనే చేయించుకోండి."

జోసెలిన్‌కి కోపం రావలసింది. ఎందుకో రాలేదు.

"సరే, బిగించావనుకో. పాడైతే నీకెవరు చెబుతారు? నేను నెలకోసారి వస్తే గొప్ప. నాన్న ఫోను చెయ్యడు."

"ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మ పక్క వరసలోనే ఉంది. ప్రతి ఆదివారం వస్తాను. దారిలోనేగా, చూసి పోతాను."

"మీ అమ్మకీ నువ్వే పెట్టావా? చూపించు."

నాలుగడుగుల దూరం. జోసెలిన్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "ఏమనుకోకండమ్మా, చూసి వెళ్ళిపోతాం," అంది.

"ఏమనుకోదులెండి. మనుషులొస్తే ఆవిడకి సరదా," అన్నాడు ఆన్సన్.

అతను కప్పెక్కి ప్యానెల్ మీద గుడ్డ కప్పాడు. సాయంత్రమైందనుకుని లోపల దీపం వెలిగింది. మూడేళ్ళ కిందటిదట. రెండు పెద్ద తుఫానులు చూసిందట.

"ఆదివారం మొదలుపెట్టు," అని చెప్పి ఒక్కతే నాన్న దగ్గరికి తిరిగొచ్చింది.

"మంచివాడు దొరికాడు నాన్నా. పని తెలిసినవాడు, మాట మీద నిలబడేవాడు. ఇంక భయపడకు, సరేనా?" అంది. కాసేపు అక్కడే కూర్చుంది. కొట్టు తెరిచే వేళ దాటిపోతోందని గుర్తొచ్చి లేచింది.

శ్మశానంలో ఇళ్ళలా కట్టిన సమాధుల వరసలో, నాన్న సమాధి తలుపుకి తాళం వేసింది.