బావి దగ్గర బేరం

"ఈ బావి మూత ఎందుకు తీసిపెట్టారు?" అని అడిగాడు ఇల్లు చూడ్డానికొచ్చిన కెస్లర్, ఇంగ్లీషులో.

"గాలి కోసం," అంది జుడిట్టా, ఇంగ్లీషులోనే.

గాలి ఎక్కడా లేదు. మధ్యాహ్నపు ఎండకి బిర్గు ఊరి వీధులన్నీ తలుపులేసుకుని పడుకున్నాయి. అయినా గిలకకి వేలాడే చేద గొలుసు దానంతటదే మెల్లగా ఊగుతోంది.

బ్రోకరు గ్లెన్ దాన్ని చూడలేదు. వాడి ధ్యాసంతా కమిషన్ మీదే.

"ఎండా సముద్రమూ పక్క దేశాల్లోనూ ఉన్నాయి సార్. మరి అందరూ మాల్టాకే ఎందుకొస్తున్నారు? పోలీసు, వకీలు, చేపలమ్మేవాడు, ఇక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు. దుబాసీ అక్కర్లేదు. ఇంటి మీద డబ్బు పెట్టండి, ఈ దేశపు పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి!"

జుడిట్టాకి ఒళ్ళు మండింది. పుట్టిన దగ్గర్నుంచి ఆమె ఈ ఇంట్లోనే ఉంది. ఇల్లు మాత్రం తమ్ముడు విస్తిన్‌ది. తండ్రి కొడుకు పేర రాసి పోయాడు. కూతురికి వంట చేసే హక్కు మిగిల్చాడు, అంతే! ఇవాళ బేరం కుదిరితే ఆమె గిన్నెలు సర్దుకుని, తమ్ముడి ఫ్లాటులో బట్టలారేసుకునే గదిలోకి పోవాలి.

విస్తిన్‌ని వంటింట్లోకి లాగింది.

"బావిలో ఆయన గురించి ఆ కెస్లర్‌కి చెప్పేస్తాను," అంది ఇంగ్లీషులో.

విస్తిన్ కూడా ఇంగ్లీషులోకే దిగాడు. "మతిపోయిందా అక్కా? జుజత్తకి ఏమైందో మర్చిపోయావా?"

మర్చిపోయే సంగతి కాదు. బిర్గులో కొన్ని పాత ఇళ్ళకి కంటికి కనపడకుండా కాపలా కాసేవాడొకడు ఉంటాడు. మంచివాడే, ఆయన ఉన్నాడని బయటివాళ్ళతో అననంతవరకూ. మేనత్త జుజా పక్కింటావిడతో ఒక్క మాట జారింది. తెల్లారేసరికి మంచంతో సహా వీధిలో ఉంది. తలుపులు లోపల గడియ వేసినవి వేసినట్టే ఉన్నాయి. అత్త కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఆ తర్వాత చాన్నాళ్ళు బతికింది గానీ మళ్ళీ నోరు విప్పలేదు, ఈ గడప తొక్కలేదు.

"అత్త మన మాల్టా భాషలో చెప్పింది కాబట్టి అలా అయింది," అంది జుడిట్టా. "ఆయన మన ముత్తాత తాత కాలంవాడు. ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకుంటాడ్రా? బడికెళ్ళాడా? అందుకే కదా, ఇంట్లో ఆయన మాటెత్తాలంటే అమ్మా నాన్నా కూడా ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు!"

"ఏమో అక్కా, నాకు భయంగా ఉంది."

"ఇల్లమ్మడానికి లేని భయం దీనికొచ్చిందా?"

విసురుగా పెరట్లోకి నడిచింది. "సార్, ఈ ఇంట్లో దయ్యం ఉంది."

"ఆంటీ!" గ్లెన్ కంగారుపడ్డాడు. "సరదాకి అంటున్నారు సార్!"

కెస్లర్ నవ్వాడు. "ఉండనివ్వండి. నేనెలాగూ ఉండను. నాకు కావలసింది తలుపు మీద నా పేరు. పాస్‌పోర్టు చేతికొచ్చాక ఈ వీధి మొహం కూడా చూడను."

ఆ మాటతో జుడిట్టా లెక్క తప్పింది. బతకడానికి కాదు, బతుకుతున్నట్టు చూపించడానికి ఇళ్ళు కొనే జాతి ఇది. ఇలాంటివాణ్ణి దేనితో భయపెట్టాలి?

"అదే చిక్కు సార్," అంది నెమ్మదిగా. "తలుపు మీద పేరున్నవాడు ఇంట్లో ఉండాలి. లేకపోతే ఆయనే వెతుక్కుంటూ వస్తాడు. ఏ దేశమైనా సరే. ఏ రోజైనా నిద్రలేచేసరికి మీ పక్కంతా తడిసి ఉందనుకోండి, అవి ఈ బావి నీళ్ళే."

గొలుసు ఊగడం ఆగిపోయింది.

ముగ్గురూ అటు చూశారు. గొలుసు బిగుసుకుంది. కింద ఎవరో పట్టుకుని వేలాడుతున్నట్టు గిలక ఒక్కసారి కిర్రుమంది.

కెస్లర్ నవ్వు మాయమైంది. వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వీధిలోకి పోయాడు.

"సార్! ఆగండి సార్! ఇంకో ఇల్లుంది, దాంట్లో బావే లేదు!" గ్లెన్ వెంటపడ్డాడు.

విస్తిన్ వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. "కొంప ముంచావు. ఇంక దీన్నెవడూ కొనడు."

"కొనొద్దు."

"అయితే నువ్వే ఉండు, నీ చేదా నీ గొలుసూ పట్టుకుని!" బావి వంక చూడకుండా సిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయాడు.

జుడిట్టా తలుపు గడియ పెట్టింది. రొట్టెముక్క మీద టమాటా రుద్ది, నూనె పోసుకుని, నింపాదిగా తింది. ఇల్లు దక్కింది. ఇంక ఎవరూ కదిలించలేరు.

చేతులు తుడుచుకుని బావి మీదికి వంగింది. చిన్నపిల్లాణ్ణి ముద్దుచేసినట్టు సొంత భాషలో అంది: "చూశావా, వాణ్ణి ఎలా తరిమానో! వాడితో నేనేమన్నానో నీకేం తెలుస్తుందిలే."

బావిలోంచి జవాబు ఇంగ్లీషులో వచ్చింది.