ఐదు నిమిషాల మౌనం

షెల్బీ పెల్లీకి పదిహేనేళ్ళు. మా ఊరి క్యాడెట్ దళానికి నాయకురాలై నాలుగు రోజులే అయింది. నవంబరు పదకొండున, యుద్ధాల్లో పోయినవారి స్మారక స్తంభం దగ్గర రెండు నిమిషాల మౌనానికి ఆమే ఆజ్ఞ ఇచ్చింది.

రెండు నిమిషాలూ గడిచాయి. మౌనం ముగించే ఆజ్ఞ మాత్రం ఆమె నోటికి రాలేదు. నాలుగు రోజులుగా వల్లెవేసిన మాటల్లో ఒక్కటీ గుర్తు లేదు.

సముద్రపు గాలి కోస్తోంది. ఊరంతా తలలు వంచుకుని నిలబడి ఉంది. ఆజ్ఞ రాగానే మౌనం ముగిసిందని బూర ఊదాల్సినవాడు ఆమె వైపే గుడ్లప్పగించి చూస్తున్నాడు. మూడు నిమిషాలు. నాలుగు. దేవుడా, ఒక్క మాట గుర్తు చెయ్యి, అని లోలోపల ఏడ్చింది. ఐదో నిమిషంలో గొంతు చీల్చుకుని "అటెన్షన్!" అని అరిచింది.

"ఏమే, నిలబడే నిద్రపోయావా?" అని తోటి క్యాడెట్లు నవ్వారు.

నాయకురాలి భుజం పట్టీ విప్పి ఇచ్చేద్దామని ఆఫీసరు దగ్గరికి వెళ్తుంటే ముసలి మిసెస్ నోస్‌వర్తీ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కొడుకు కాందహార్ యుద్ధంలో పోయాడు.

"క్షమించండమ్మా, మర్చిపోయాను," అంది షెల్బీ వెక్కుతూ.

"ఏటా మావాడి మొహం కళ్ళకు కట్టేలోపే బూర మోగేసేది తల్లీ. ఇవాళ వాడు నవ్వాడు కూడా. వచ్చే ఏడూ కాస్త మర్చిపోవూ?"