వాడంతా ఒకే మాట

ఏరు పొంగి వంతెనను ఎత్తుకుపోయిన సంవత్సరమది.

నీళ్లు తీశాక, ఒడ్డువాడను ఖాళీ చేయిస్తారన్న పుకారు లేచింది. నానిన పాత ఇళ్లనే ముందు కూలుస్తారట.

అప్పుడే ఒక ముసలావిడ వచ్చింది. చేతిసంచి, అరిగిన చెప్పులు.

ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. "ఎన్నాళ్లుగా ఉంటున్నారు నాయనా ఇక్కడ?"

ఇస్త్రీ ఆయన చెయ్యి ఆగిపోయింది. ఈవిడకెందుకీ ఆరా?

"నిరుడే వచ్చామమ్మా."

"మీ నాన్నగారో?"

"ఆయనా నిరుడే వచ్చాడు."

"ఇంట్లో ఉన్నారా?"

"లేడు. పోయి పదేళ్లయింది."

నాలుక కరుచుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. తల ఊపి ముందుకు నడిచింది.

అతను దొడ్డిదారిన పరుగెత్తాడు. "ఇళ్లు కూల్చే ఆఫీసు మనిషి వస్తోంది! కొంప నిలవాలంటే అందరూ నిరుడే వచ్చి కట్టుకున్నామనండి."

మంగలికి నమ్మకం కుదరలేదు. "ఆ చెప్పులు చూస్తే ఆఫీసు మనిషిలా లేదే బాబాయ్?"

"అదేరా వేషం! పైకి ఆవు, లోపల పులి."

వాడంతా ఒకే మాట అంది. ముసలావిడ మళ్లీ రాలేదు. ఇస్త్రీ ఆయన మీసం మెలేశాడు.

నెల తిరక్కుండా ఒకాయన కోటు తెచ్చాడు.

"కాస్త త్వరగా చెయ్యి. సాయంత్రం సభ. సమాజశాస్త్రాల అకాడమీ మా అమ్మకు ఫెలోషిప్ ఇస్తోంది."

"అంటే ఏమిటి బాబూ?"

"పెద్ద పండితులకిచ్చే గౌరవం. మనుషులెలా బతుకుతారో తెలుసుకోవడమే అమ్మ పని."

"దానికీ చదువుందా! మరి కోటు ఆవిడకా?"

"నాకే. అమ్మ పోయింది. ఆమె బదులు నేను అందుకోవాలి."

ఆయన వాడవైపు చూశాడు.

"ఆఖరున ఇక్కడికే వచ్చింది. అవతలి ఒడ్డువాళ్లు తరాలుగా అక్కడే ఉన్నారని ఆఫీసులో రుజువు చేసి వాళ్ల ఇళ్లు నిలబెట్టింది. ఇక్కడా అదే చేద్దామనుకుంది. అందరూ నిరుడే వచ్చామన్నారట."

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కకు దించాడు. "నమ్మిందా?"

"లేదు. 'ఇంతమంది ఒకే మాటన్నారంటే దేనికో భయపడ్డారు, మళ్లీ వెళ్లాలి' అంది. ఇంతలో మంచం పట్టింది."

మరునాడు పొద్దున్నే ఇస్త్రీ ఆయన బొగ్గులు రాజేయలేదు. నడవలేని తల్లిని వీపున ఎక్కించుకుని ఆఫీసు గుమ్మంలో దించి, "మా ఒడ్డువాడలోనే పుట్టిందండీ మా అమ్మ. ఏం కావాలో అడగండి, చెబుతుంది" అన్నాడు.