రెండో సాక్షి

“ఈ వారం మెట్లు కడిగే వంతు నీది. జైలుకు పోయేలోగా కడిగేసి పో.”

వంతు ఎవరిదో తెలిపే అట్టను మోరాగ్ తలుపు పిడికి తగిలించి ఎఫీ లోగీ వెనక్కి తిరిగింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. ఎదురు వాటాలో ఒక్కతే ఉంటుంది. డండీ ఊళ్లోని ఆ నాలుగంతస్తుల రాతి ఇంట్లో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు.

మోరాగ్ గబగబా తలుపు తీసింది. వృద్ధాశ్రమం యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది.

“లోగీ గారూ, ఒక్క మాట. ప్రాసిక్యూటర్ మిమ్మల్ని రమ్మన్నారట కదా?”

“రమ్మన్నాడు, గురువారం. కొత్త టోపీ పెట్టుకుని మరీ పోతున్నా.”

“చూసింది చూసినట్టు చెప్పండి, చాలు. నేను...”

“నాకు పాఠాలు చెప్తున్నావా? పోయిన నెల రెండు వారాలు మెట్లు కడగలేదు నువ్వు. నీ సంగతి అక్కడ పూర్తిగా చెప్పొస్తాలే!”

ఎదురు వాటా తలుపు ధడాలున మూసుకుంది.

జరిగింది చిన్నదే. తప్పు మాత్రం మోరాగ్‌దే. పైవాటా గావిన్ స్ట్రాకన్ మెట్ల మీద దారికడ్డంగా నిలబడి, చనిపోయిన ఆమె తల్లి గురించి అనరాని మాట అన్నాడు. మోరాగ్ అతన్ని తోసింది. రెండు మెట్లు జారి పడ్డాడు, మణికట్టు విరిగింది. ఆ క్షణంలో ఎఫీ తన గుమ్మంలోనే నిలబడి ఉంది.

“మన స్కాట్లాండులో ఒక్కరి మాట మీద ఎవరికీ శిక్ష వెయ్యరు,” అని లాయరు రోనా ముందే చెప్పింది. “ఇద్దరు చెప్పాలి. పోలీసుల దగ్గర మీరు నోరు విప్పకపోవడం మంచిదైంది. స్ట్రాకన్ ఒకడు. రెండో మనిషి ఆ ముసలావిడే.”

“ఆవిడ ఏమీ చూడలేదంటే?”

“గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉందని స్ట్రాకన్ రాసిచ్చాడు. కోర్టుకు పిలిచి ప్రమాణం చేయించి అడుగుతారు. అయినా ఆవిడ అలా ఎందుకంటుంది? మీరంటే మండిపోతోందని మీరే అన్నారుగా!”

“శిక్ష పడితే?”

“వృద్ధాశ్రమంలో మీ ఉద్యోగం ఉండదు.”

ఇరవై రెండేళ్ల ఉద్యోగం. అక్కడ మోరాగ్ తినిపిస్తే తప్ప గంజి మింగని ముసలమ్మ ఒకతె ఉంది. ఆ మాట లాయరుతో చెప్పబోయి మానుకుంది మోరాగ్. చట్టానికి గంజితో ఏం పని?

గురువారం ఉదయం ఎఫీ నిజంగానే కొత్త టోపీతో మెట్లు దిగింది. వాకిట్లో మోరాగ్ ఎదురుపడితే పక్కకు కూడా జరగలేదు.

“దారి వదులు. నన్ను కూడా తోస్తావా?”

మోరాగ్ గోడకు అంటుకుని దారి ఇచ్చింది.

తర్వాతి మంగళవారం రోనా ఫోను చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

“కేసు ఎత్తేశారు! విచారణ లేదు, ఏమీ లేదు.”

మోరాగ్ కుర్చీలో కూలబడింది. “ఎలా?”

“మీ ముసలావిడ పుణ్యమే. మీరు బకెట్ పెట్టి నాలుగు దెబ్బలు కొట్టారట. నల్లకోటు వేసుకున్నారట. స్ట్రాకన్ మొహమంతా రక్తమట! ఆ స్ట్రాకనేమో ఒక్కసారి తోసిందని రాసిచ్చాడు, రక్తం ఊసే లేదు. ఆ రోజు పోలీసులు తీసిన ఫొటోలో మీరు యూనిఫాంలో ఉన్నారు. సరిగ్గా గుర్తు తెచ్చుకోండమ్మా అని ప్రాసిక్యూటర్ మళ్లీ మళ్లీ అడిగాడట. అడిగేకొద్దీ దెబ్బలు పెరిగాయి. చివరికి ఏడు!”

“ఏడా?”

“ఈవిణ్ణి జడ్జి ముందు నిలబెడితే కేసుతోపాటు నా పరువూ పోతుంది అన్నాడు పాపం. ఆవిణ్ణి తీసేస్తే మిగిలేది స్ట్రాకన్ ఒక్కడు. ఒక్కడు చాలడు.”

“నా మీద అంత కసా ఆవిడకి?”

“ఆ కసే మిమ్మల్ని కాపాడింది. కాస్త తక్కువగా ద్వేషించి ఉంటే మీ పని అయిపోయేది.”

ఆ సాయంత్రం మోరాగ్ మోకాళ్ల మీద కూర్చుని మెట్లు కడుగుతోంది. ఎఫీ రొట్టెల సంచితో ఎక్కి వస్తోంది. వెనకాలే చేతికి కట్టుతో స్ట్రాకన్.

“మతిలేని ముసలిదానా! బంగారంలాంటి కేసు మట్టిపాలు చేశావు కదే!”

“ఫో, నీ తిట్లూ నువ్వూ! ఆ ప్రాసిక్యూటర్‌కి బుద్ధి లేకపోతే నేనేం చేసేది? ఏడు దెబ్బలు చెప్పినా చాలలేదు వాడికి!”

స్ట్రాకన్ తిట్టుకుంటూ పైకి పోయాడు. ఎఫీ తన గుమ్మం దగ్గర ఆగి మెట్ల వైపు చూసింది.

“ఆ మూల మట్టి అలాగే వదిలేశావ్. గుడ్డిదానివా?”

మోరాగ్‌కు ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా పొంగింది. గుడ్డ విసిరి లేచింది.

“గుడ్డిదాన్ని నేనా, మీరా? బకెట్ ఎక్కడిది? నల్లకోటు ఎక్కడిది? నేను తోసింది ఒక్కసారి!”

ఎఫీ తలెత్తి పై మెట్ల వైపు చూసింది. పైన స్ట్రాకన్ తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా ఆగింది. తర్వాత గొంతు తగ్గించింది.

“ఒక్కసారే, ఎడమచేత్తో.”