మూడో సీసా నీళ్ళు

దేవమ్మ మీద డాక్టర్ వెంకటేశంకు మొదటి నుంచీ అనుమానమే. మనిషి మంచివాడే, కాదనను. కానీ ఒక్కసారి అనుమానం పట్టుకుందంటే జలగే, వదలడు.

బొల్లారం దాటి గుమ్మడిదల వైపు పోయే దారిలో దేవమ్మది చిన్న ఊరు. అక్కడ ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆమె గడప తొక్కుతారు. ఆమె చెంబెడు నీళ్ళు పట్టుకుని, పెదవులు కదిలించి, మూడుసార్లు ఊది ఇస్తుంది. కొందరికి తగ్గుతుంది. తగ్గనివాళ్ళు బస్సెక్కి సంగారెడ్డిలో వెంకటేశం దవాఖానకు వస్తారు.

తంటా అంతా అక్కడే. టైఫాయిడ్‌కు ఆయన ఇచ్చే మాత్రతో పక్క ఊళ్ళవాళ్ళు అయిదు రోజుల్లో లేచి కూర్చుంటారు. ఈ ఊరివాళ్ళకు ఇరవై రోజులైనా జ్వరం దిగదు.

ఇది 1998 నాటి మాట. పేరున్న వైద్య పత్రికలో ఒక్క వ్యాసమైనా అచ్చు కావాలని వెంకటేశం పదేళ్ళుగా తపించిపోతున్నాడు. ఈ ఊరి సంగతి తేలిస్తే ఆ కోరిక తీరుతుందనుకున్నాడు.

జ్వరమొచ్చిన ఒక పిల్లవాడి తండ్రి చేత దేవమ్మ మంత్రించిన నీళ్ళు సీసాలో తెప్పించాడు. ల్యాబులో గాజు పళ్ళెం నిండా క్రిములు పెంచి, మధ్యలో ఆ నీళ్ళు ఒక్క చుక్క వేశాడు. తెల్లారి చూస్తే చుక్క చుట్టూ పావలా కాసంత, అదే చారాణా బిళ్ళంత మేర క్రిములన్నీ చచ్చి ఉన్నాయి.

మంత్రానికి మనుషులు భయపడతారేమో గానీ క్రిములు భయపడవు కదా. ఆ నీళ్ళలో మందు కలిసింది. రోగం కుదిరేంత కాదు, చిటికెడు. అట్లా కొంచెం కొంచెం తాగితే క్రిములు చావవు సరిగదా, ఆ మందుకు అలవాటు పడి మొండికేస్తాయి. ఆ తర్వాత డాక్టర్ ఎంత మందిచ్చినా దండగే.

మరి మందు ఎక్కడిది? ఊరి పక్కనే మందుల ఫ్యాక్టరీ. టైఫాయిడ్ మాత్రకు కావలసిన పొడి అక్కడే తయారవుతుంది. దేవమ్మ కొడుకు కొమురయ్య అక్కడ పొడిని డ్రమ్ముల్లో నింపే పని చేస్తాడు. ఇంకేం కావాలి? కొడుకు దొంగిలిస్తున్నాడు, తల్లి కలుపుతోంది.

మధ్యలో ఆ ఊరి సత్తయ్య ఒకడు అడ్డం తిరిగాడు. అతనికీ జ్వరం దిగడం లేదు. దేవమ్మ నీళ్ళు తాగావా అని అడిగితే ఒట్టేసి లేదన్నాడు. పొలం గట్టు పంచాదిలో ఆమెతో మాటలు బందై ఆరేళ్ళయిందట. వెంకటేశం నవ్వాడు. తాగినవాడెవడు ఒప్పుకుంటాడు? కేసు కాగితం మీద ‘అబద్ధం చెబుతున్నాడు’ అని రాసుకున్నాడు.

వ్యాసం మద్రాసు పత్రికకు పోయింది. ఒక్క సీసా చాలదు, వేరే రోజుల్లో ఇంకో రెండు సార్లు తెచ్చి పరీక్షించమని జవాబొచ్చింది.

రెండోసారి వెంకటేశం తనే వెళ్ళి దేవమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఆమె వాకిట్లో, వాడకట్టు వాళ్ళంతా నీళ్ళు పట్టుకునే బోరింగు కొట్టి చెంబు నింపింది. మంత్రించింది, ఊదింది. ఆయన రెప్ప వెయ్యలేదు. పొడి కలపడం మాత్రం కంటబడలేదు. అయితే ఆమె ఒకటికి రెండుసార్లు కొంగు సర్దుకుంది. ఓహో, పొడి ఆ కొంగు ముడిలో ఉందన్నమాట అనుకున్నాడు. పళ్ళెంలో మళ్ళీ చారాణా బిళ్ళంత ఖాళీ కనబడింది.

మూడోసారికి ల్యాబు టెక్నీషియన్ సాదుల్లాను పంపాడు. పన్నెండేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నవాడు. సాయంత్రానికి వస్తాడనుకుంటే మధ్యాహ్నానికే సీసా పట్టుకుని వచ్చాడు. ఇంత జల్దీ ఎట్లా అయిందంటే, ‘అయిపోయింది సాబ్’ అని నేల చూపులు చూశాడు. పళ్ళెంలో అదే చారాణా బిళ్ళ. వెంట్రుకవాసి తేడా లేదు.

ఎంత కచ్చితంగా కలుపుతోందో ముసలిది అని వెంకటేశం ఆశ్చర్యపోయాడు.

వ్యాసం అచ్చుకు తీసుకున్నారు. ఆ సంబరంలోనే ఫ్యాక్టరీకి ఒక ఉత్తరం రాశాడు. మర్నాడే కొమురయ్యను గేటు బయట నిలబెట్టారు. పోలీసులకు ఇవ్వాల్సిన ఫిర్యాదు కూడా టైపయి టేబుల్ మీదికి వచ్చింది. ఇక సంతకమే తరువాయి.

అప్పుడు వచ్చింది దేవమ్మ. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“నా కొడుకు దొంగ కాడు సారూ. ఆని నౌకరి పాయె, ఇగ జైలుకు గుడ తోలుతరా? నేను నీళ్ళల్ల ఏం కలపలే. మా అత్త నేర్పిన మంత్రం తప్ప నాకేం తెల్వదు.”

వెంకటేశం పెన్ను మూత తీశాడు. “ఒక్కసారంటే పోనీ అనుకుందుము. మూడు దినాలు, మూడు సీసాలు. మూడిట్లనూ మందున్నది. ఏమంటవ్?”

ఆమె కళ్ళు తుడుచుకుని వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది.

“మూడేంది సారూ? ఆ జరమొచ్చిన పిలగాని తండ్రికి ఒకటిచ్చిన. మీ చేతికి ఒకటిచ్చిన. నేనిచ్చినయి రెండే గద.”

వెంకటేశంకు ఒళ్ళు మండింది. ముఖం మీదే అబద్ధం. సాక్ష్యం చెప్పమని సాదుల్లాను పిలిచాడు.

సాదుల్లా వచ్చి తలుపు దగ్గర ఆగిపోయాడు. దేవమ్మ వైపు చూశాడు. టేబుల్ మీది ఫిర్యాదు వైపు చూశాడు. తన పన్నెండేళ్ళ నౌకరి అక్కడితో సరి అని అతనికి తెలుసు.

“మాఫ్ చెయ్యుండ్రి సాబ్, ఆ దినం ఆమె ఇంటికి తాళమున్నది, మళ్ళ ఎవడు తిరుగుతడని వాకిట్ల బోరింగు కొట్టి నేనే సీస నింపుకొచ్చిన.”